ఇంటి పనుల మధ్య చిన్న ప్రయాణం: విశాఖలో ఏ ఇంటికి ఏది సరిపోతుంది?

విశాఖపట్నంలో ఉంటూ సముద్రాన్ని నెలల తరబడి చూడని ఇళ్లు తక్కువేమీ కాదు. మా ఇల్లు కొన్నేళ్లపాటు వాటిలో ఒకటి. మేము గోపాలపట్నం వైపు ఉంటాం కనుక తీరం మా గుమ్మం ముందు లేదన్నది నిజమే కాని, అసలు కారణం ఆ దూరం కాదు. మావారిది షిఫ్టు డ్యూటీ, నాది ఆఫీసు, పిల్లలిద్దరికీ బడి తరువాత ట్యూషన్, అత్తయ్యగారికి వేళ తప్పకుండా వేయవలసిన మాత్రలు, వీటన్నిటి మీద కుళాయికి నీళ్లు వచ్చే గంట ఒకటి. ఇలాంటి ఇంట్లో "ఎక్కడికి వెళ్దాం?" అన్న ప్రశ్నతో మాట మొదలైన ప్రతిసారీ అది అరకు దాకా వెళ్లి, అరకు అనగానే కారు, టికెట్లు, సెలవు, వంట అన్నీ గుర్తుకొచ్చి, "వచ్చే నెల చూద్దాం" అన్న మాట దగ్గర ఆగిపోయేది.

అందువల్ల ఈ పోలికలో స్థలాల అందాన్ని ప్రధానమైన కొలతగా తీసుకోవడం లేదు. బయలుదేరే ముందు వంటింట్లో గడిచే సమయం, దారిలో గడిచే సమయం, తిరిగి వచ్చాక పేరుకున్న పనిని తీర్చడానికి పట్టే సమయం అనే మూడింటినీ కూడితే, అక్కడ నిజంగా గడిపిన సమయం కన్నా ఎక్కువ తేలుతుందా తక్కువ తేలుతుందా అన్నదే నా కొలత. ఎక్కువ తేలితే అది ఎంత మంచి చోటైనా తీరిక లేని ఇంటికి పనికివచ్చే చిన్న ప్రయాణం కాదు. ఈ లెక్కలో మరొక అంశాన్ని కూడా చేర్చాలి: ఆ ముందు పని, ఆ తరువాతి పని ఎవరి మీద పడుతున్నాయన్నది. నలుగురు ఆరు గంటలకు బయలుదేరడానికి ఒకరు మూడున్నరకే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలకు ఎత్తవలసి వస్తే, ఆ ఒకరికి అది విహారం కాదు, చోటు మారిన వంటింటి పని మాత్రమే.

రెండు గంటల తెల్లవారుజాము

ఈ కొలత ప్రకారం అన్నిటికన్నా ముందు నిలిచేది తెల్లవారుజాము. తూర్పు తీరంలో ఉండటం వల్ల మనకు పొద్దు తొందరగా పొడుస్తుంది. జూన్ మొదటి వారాల్లో ఉదయం 5.20 ప్రాంతానికే సూర్యుడు కనిపిస్తాడు, జనవరిలో మాత్రం దాదాపు 6.30 అవుతుంది. అంటే వేసవిలో సూర్యోదయం చూసి ఏడు గంటలకల్లా ఇంటికి చేరి రోజును మామూలుగానే మొదలుపెట్టవచ్చు. చలికాలంలో అదే పని బడి ఉన్న రోజున చేస్తే పిల్లల వ్యాను తప్పిపోతుంది కనుక ఆదివారానికి పరిమితం చేసుకోవాలి. ముందు పని లేదు, వంట లేదు, తిరిగి వచ్చాక ఉతకవలసినవి ఇసుక పట్టిన రెండు జతల బట్టలే. లోపమల్లా నిద్ర. రాత్రి పదకొండు దాకా ఫోను చూసే ఇంట్లో ఈ ఎంపిక మూడో వారానికే వీగిపోతుంది.

ఆ రెండు గంటల్లో ఎటు వెళ్లాలన్న ప్రశ్నకు చాలామంది రామకృష్ణా బీచ్ అనే చెబుతారు. తెల్లవారుజామున కొన్ని గంటలపాటు బీచ్ రోడ్డులో వాహనాలను ఆపివేస్తారు కనుక, పిల్లలు సైకిలు తొక్కడానికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు చదునైన నేల మీద నడవడానికి నగరంలో ఇంతకు మించిన చోటు లేదు. కురుసుర జలాంతర్గామి, దాని ఎదుట 2017 నుంచి నిలిచి ఉన్న టీయూ-142 విమానం ఆ వేళకు తెరచి ఉండకపోయినా బయటి నుంచి చూడటానికే పిల్లలు ఆగిపోతారు. అయినా నా దృష్టిలో ఇది నడక, వ్యాయామం. సాహసం అన్న మాటకు కొంచెం దూరం. రోజూ నడిచేవారి మధ్య మనమూ కలిసి నడిచి వచ్చేస్తాం.

కైలాసగిరి మెట్ల దారి దానికి భిన్నమైనది. కొండ ఎత్తు 170 మీటర్లకు కాస్త పైనే ఉంటుంది. బీచ్ రోడ్డు వైపు నుంచి మెట్ల మీద ఎక్కుతుంటే తీరం వంపు మెట్టు మెట్టుకూ విప్పుకుంటూ వస్తుంది. రోప్‌వేలో ఎక్కితే చూసేది అదే దృశ్యమే కాని, ఎనిమిదేళ్ల పిల్లవాడు తన కాళ్లతో ఎక్కి వెనక్కి తిరిగి చూసినప్పుడు పొందే గర్వం టికెట్టు కొంటే రాదు. మోకాళ్లు బాగున్న ఇంటికి బీచ్ రోడ్డు కన్నా ఇదే మేలు. ఇంట్లో ఒకరు ఎక్కలేని స్థితిలో ఉంటే మాత్రం కిందనే తెన్నేటి పార్కు దగ్గర కూర్చోబెట్టి, మిగిలినవారు ఎక్కి రావడం సాధ్యమే. ఈ వెసులుబాటు మిగతా కొండలకు అంతగా లేదు.

మూడో దారి ఫిషింగ్ హార్బర్. వేకువనే మరపడవల నుంచి చేపలు దింపడం, వేలం పాటలు, బుట్టలు సర్దుకునే ఆడవాళ్ల కేకలు, గాలిలో డీజిలు, ఉప్పు, చేపల వాసన కలగలిసి ఉండే ఆ చోటు, నగరం ఏమి తింటుందో, ఎవరి శ్రమ మీద తింటుందో పిల్లలకు చూపించడానికి నాకు తెలిసిన ఉత్తమ పాఠశాల. శాకాహారుల ఇళ్లకు ఇది సరిపడదని వేరే చెప్పనక్కరలేదు. నేల తడిగా ఉంటుంది కనుక జారని చెప్పులు వేసుకోవాలి, పని చేసుకునేవారి దారికి అడ్డం నిలబడి ఫొటోలు తీయరాదు. మరొక ముఖ్యమైన విషయం: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరమంతటా మరపడవల వేటపై 61 రోజుల నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ హార్బరుకు వెళితే కట్టేసిన పడవలు, బాగు చేస్తున్న వలలు మాత్రమే కనిపిస్తాయి. మా పెద్దవాడికి ఆ వలల మరమ్మతే ఎక్కువ నచ్చిందన్నది వేరే సంగతి.

ఈ మూడింటికీ మించి, ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే దొరికే అవకాశం మరొకటి ఉంది. చలికాలం చివరి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వారు ఆ గుడ్లను సేకరించి ఒడ్డునే కంచె వేసిన పొదుగుడు కేంద్రాల్లో భద్రపరచి, సుమారు నెలన్నర, రెండు నెలల తరువాత పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతారు. ఆ దృశ్యం ఏ రోజు దొరుకుతుందో ముందుగా చెప్పలేం కనుక దానికోసమే ప్రయాణం పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఎలాగూ చేసే తెల్లవారుజాము నడకను అలాంటి కేంద్రం ఉన్న తీరానికి మార్చుకుంటే, దొరికితే అదృష్టం, దొరకకపోతే నడక మిగులుతుంది. తాబేలు పిల్లలను చేతిలోకి తీసుకోవడం, ఫోను వెలుతురు వేయడం మాత్రం కూడదు.

రాళ్లున్న తీరాల్లో, ముఖ్యంగా తెన్నేటి పార్కు కింద, రుషికొండకు ఆ పక్కా ఈ పక్కా, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాతి గుంటల్లో నీరు నిలిచి చిన్న చిన్న పీతలు, నత్తలు, రాతిని అంటిపెట్టుకున్న ఆల్చిప్పలు కనిపిస్తాయి. రోజుకు రెండు పోట్లు (నీరు పెరగడం), రెండు పాట్లు (నీరు తగ్గడం) వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పాటుకూ మధ్య ఆరు గంటలకు కాస్త ఎక్కువ, మొత్తం మీద రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో నీరు మామూలు కన్నా ఎక్కువ దూరం తగ్గుతుంది. పాటు వేళ మన తీరిక వేళతో కలిసిన రోజును నెల ముందుగానే గుర్తించి పెట్టుకోవచ్చు, అందుకే తీరిక లేని ఇంటికి ఇది అనుకూలం. నీరు మళ్లీ పెరగడం మొదలయ్యే ముందే రాళ్ల మీద నుంచి వచ్చేయాలన్నది ఒక్కటే నియమం.

పని దినపు సాయంత్రం

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, ఎందుకంటే ఎంపికలు తక్కువ. నవంబరులో సాయంత్రం ఐదున్నర కాకముందే పొద్దు గూకుతుంది, ఆఫీసు వదిలేసరికి చీకటి. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు ఆరు తరువాత కూడా వెలుతురు మిగులుతుంది. ఆ నెలల్లో నేను బీచ్ రోడ్డు జనసమ్మర్దం కన్నా పాత నగరంలోని రాస్ హిల్‌కే ఓటు వేస్తాను. 1864లో రాస్ అనే ఆయన కట్టుకున్న ఇల్లు తరువాత మేరీమాత ప్రార్థనా మందిరమైంది. పక్క కొండ మీద దర్గా, ఆ పక్క కొండ మీద వెంకటేశ్వరస్వామి ఆలయం. మూడు కొండల కింద నుంచే ఓడలు రేవులోకి ప్రవేశించే కాలువ సాగుతుంది, దాటితే డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో జలదుర్గ అనే ఓడ రాకతో తెరుచుకున్న ఈ రేవు ముఖద్వారాన్ని, ఇంత పెద్ద ఓడ ఇంత సన్నని దారిలో ఎలా పడుతుందా అని ఆశ్చర్యపోతూ, ఏ ఖర్చూ లేకుండా చూడవచ్చు. ఓడ వచ్చే వేళ మన చేతిలో ఉండదు. ఒక్కోసారి అరగంట కూర్చున్నా పడవ తప్ప ఏదీ కదలదు.

ఆదివారం పూట

అసలైన తర్జనభర్జన సగం రోజు ప్రయాణాల దగ్గరే వస్తుంది. ఉదయం ఆరింటికి బయలుదేరి మధ్యాహ్న భోజనానికి ఇంట్లో ఉండగలిగే దూరంలో మనకు కనీసం అయిదు మంచి చోట్లున్నాయి: తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, కంబాలకొండ, యారాడ, సింహాచలం మెట్ల దారి. ఇన్ని ఉండటం వల్లే ఒకదానికీ వెళ్లకుండా ఆగిపోతుంటాం.

భీమిలి రోడ్డులో ఉన్న తొట్లకొండను నేను అన్నిటికన్నా ముందు పెడతాను. సుమారు 128 మీటర్ల ఎత్తున, రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన ఆరామం అది. నౌకాదళ స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తున్నప్పుడు 1976లో బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపం, విహారాల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు కనిపిస్తాయి, ఆ తొట్ల వల్లనే కొండకు ఆ పేరు. వాన నీటిని ఒక తొట్టిలో పట్టి, మరొకదానిలోకి మళ్లించి ఏడాది పొడుగునా వాడుకున్న ఏర్పాటును చూసినప్పుడు, మా కుళాయి గంట గుర్తుకు రాకుండా ఉండదు. కారు, స్కూటరు పైదాకా వెళతాయి కనుక పెద్దవారిని కూడా తీసుకువెళ్లవచ్చు. నడవగలిగినవారు కింద రోడ్డు దగ్గర దిగి కొండ దారిలో నడిచి ఎక్కవచ్చు. అంటే ఒకే ఇంట్లో బలాలు వేర్వేరుగా ఉన్నవారంతా ఒకే చోట కలుసుకోగలరు. కిందనే మంగమారిపేట దగ్గర సముద్రం కోసిన సహజ రాతి తోరణం ఉంది. పాటు వేళ అయితే అది కూడా చూసి రావచ్చు.

ఎర్రమట్టి దిబ్బలు ఇంకొంచెం ముందు, భీమిలికి చేరువలో ఉంటాయి. చూడటానికి ఇంతకన్నా వింతైన చోటు జిల్లాలో లేదు. వేల ఏళ్లలో సముద్ర మట్టం హెచ్చుతగ్గులు, గాలి, వాన కలిసి పేర్చి మళ్లీ కోసిన ఎర్రని ఇసుక గోడలు అవి. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడు, శ్రీలంక తీరాల్లో తప్ప మరెక్కడా లేవని భూవిజ్ఞానులు చెబుతారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. పదేళ్లు దాటిన పిల్లలుంటే తొట్లకొండ కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే వాగులు కోసిన ఇరుకు దారుల్లో వారు ముందు నడిచి మనల్ని వెంట తీసుకువెళతారు. కాని నీడ లేదు, నీళ్లు దొరకవు, ఆ దారులన్నీ ఒకేలా ఉండి వచ్చిన దారి మరచిపోయే ప్రమాదం ఉంది. చిన్న పిల్లలతో, పెద్దవారితో వెళ్లవద్దనే నా సలహా. వర్షం పడిన మరునాడు గోడల పక్కన నిలబడరాదు. ఇసుక గోడల మీద పేర్లు గీకడం, జారుడుబల్లలా జారడం ఏనాడూ చేయరాదు.

ఎండ తట్టుకోలేని ఇంటికి కంబాలకొండ. జాతీయ రహదారి పక్కనే, సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యపు అంచున ఉన్న ఈ ఎకో పార్కులో చెట్ల నీడ ఉంది, చిన్న చెరువు ఉంది, నడక దారులున్నాయి. పక్షుల కోసం వెళ్లేవారికి ఇది తొట్లకొండ కన్నా మెరుగు. అయితే అభయారణ్యంలో మన ఇష్టం వచ్చిన వేళకు, ఇష్టం వచ్చిన దారిలో తిరగడానికి వీలుండదు కనుక సాహసం పాలు తక్కువ. రహదారికి అవతలి వైపున ఉన్న జంతు ప్రదర్శనశాలతో దీనిని పోల్చవద్దు; అది 625 ఎకరాల్లో పరచుకున్నది, నడిచేసరికే పూట గడిచిపోతుంది, పైగా సోమవారం సెలవు.

యారాడ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం, మధ్యలో కొబ్బరి చెట్లు, గాజువాక వైపు నుంచి కొండ ఎక్కి దిగే ఆ దారి ఒక్కటే చాలు మనసు తేలిక పడటానికి. కాని పిల్లలున్న ఇంటి తొలి ఎంపికగా దీనిని సూచించలేను. అక్కడి అలలు బలమైనవి, ఒడ్డు త్వరగా లోతవుతుంది, యారాడలోనూ రామకృష్ణా బీచ్‌లోనూ నీళ్లలోకి దిగి కొట్టుకుపోయినవారి వార్తలు మనం ఏటా చదువుతూనే ఉంటాం. నీళ్లను చూస్తూ కూర్చోగలిగే వయసు వచ్చాక వెళ్లదగిన చోటు ఇది. నీళ్లలో తడవడమే పిల్లల కోరికయితే, కాపలాదారులుండే రుషికొండకు వెళ్లి, వారు చూపిన హద్దుల్లోనే మోకాళ్ల లోతు దాటకుండా చూసుకోవడం మంచిది.

సింహాచలం మెట్ల దారి మా వైపువారికి దగ్గర కనుక నాకు దానిపై పక్షపాతం ఉందని ఒప్పుకుంటున్నాను. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర మొదలుపెట్టి వెయ్యికి పైగా మెట్లెక్కితే అప్పన్న సన్నిధి. ఈ ప్రయాణానికి మిగతా వాటికి లేని ఒక సౌకర్యం ఉంది: ఇంట్లో ఎవరూ దీనికి అడ్డు చెప్పరు. "కొండెక్కడానికి వెళ్తున్నాం" అంటే "ఇప్పుడెందుకు?" అనే అత్తయ్యగారు, "అప్పన్న దగ్గరికి" అంటే కొబ్బరికాయ తెచ్చి చేతిలో పెడతారు. ఎక్కలేనివారు బస్సులో పైకి వచ్చి కలుసుకుంటారు. శనివారాలు, చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి జరిగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ రోజులు రద్దీ విపరీతం కనుక, నడక కోసం వెళ్లేవారు వాటిని తప్పించాలి. గిరిప్రదక్షిణ చేయాలనుకుంటే అది వేరే సంకల్పం. దానిని చిన్న ప్రయాణాల లెక్కలో కలపలేం. మాధవధార నుంచి కొండ దాటి వచ్చే పాత కాలిబాట కూడా ఉంది. అది బాగుంటుంది కాని, దారి తెలిసినవారు తోడు లేకుండా, ముఖ్యంగా వానాకాలంలో, వెళ్లవద్దు.

అందరూ వెళ్లాలా, ఇద్దరే వెళ్లాలా?

చోటును ఎంచుకోవడం కన్నా ఇది కష్టమైన ఎంపిక. ఎవరినైనా వదిలి వెళ్లడం తప్పన్న భావన మన ఇళ్లలో బలంగా ఉంది, దాని ఫలితంగా అందరికీ కుదిరే రోజు కోసం ఎదురుచూసి ఎవరూ వెళ్లరు. షిఫ్టు డ్యూటీ ఉన్న ఇంట్లో అందరి సెలవులు కలిసే ఆదివారాలు నెలకు ఒకటో రెండో ఉంటాయి, అందులో ఒకటి పెళ్లికో సీమంతానికో పోతుంది.

నా అనుభవంలో ఒక పెద్ద, ఒక బిడ్డ కలిసి వెళ్లే పద్ధతి అన్నిటికన్నా నిలకడగా సాగుతుంది. స్కూటరు చాలు, ఒకే ఒక్కరి ఇష్టాన్ని చూసుకుంటే చాలు, ఇంట్లో మరొక పెద్ద ఉంటారు కనుక అత్తయ్యగారి మాత్రలు ఆగవు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పని చేసిన మనిషిని ఎర్రమట్టి దిబ్బలకు లాక్కెళ్లడం కన్నా, ఆయనను నిద్రపోనిచ్చి చిన్నదానితో నేను వెళ్లి వస్తే ముగ్గురికీ మేలు. తోబుట్టువు లేనప్పుడు పిల్లలు చెప్పే కబుర్లు కూడా వేరుగా ఉంటాయి. మొదటిసారి "అన్నయ్యను ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగిన మా చిన్నది, రెండోసారి "అన్నయ్య వద్దు" అంది. ఇందులో పాటించవలసిన న్యాయం ఒకటుంది: ఈ వారం వెళ్లినవారు వచ్చే వారం ఇల్లు చూసుకోవాలి. ఈ వంతు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించకపోతే, ఇల్లు చూసుకునే వంతు ఎప్పుడూ ఒకరికే వస్తుంది, ఆ ఒకరు ఎవరో చెప్పనక్కరలేదు.

వంటింటిని నడిపే మనిషి ఒంటరిగా వెళ్లడం మరొక ఎంపిక. దీనిని స్వార్థంగా చూసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు గుర్తింపు కార్డు చూపితే చార్జీ లేదు కనుక, రైల్వే స్టేషను నుంచి భీమిలి దాకా వెళ్లే 900కే వంటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, ఎక్కడా దిగకుండా భీమిలి వరకు వెళ్లి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసి తిరిగి రావడం కూడా ఒక సాహసమే. 1861లో పురపాలక సంఘమైన ఆ ఊళ్లో డచ్చివారి సమాధులున్నాయి, పాత ఇళ్లున్నాయి. ఎవరికీ టిఫిను పెట్టనక్కరలేని మూడు గంటలున్నాయి.

రోజంతా పట్టేవి

అరకు అందరికీ తెలిసినదే కనుక అందాన్ని వర్ణించను. రైలా, కారా అన్న ప్రశ్నకే జవాబు చెబుతాను. ఉదయం ఏడు గంటలలోపు విశాఖ నుంచి బయలుదేరే కిరండూల్ రైలులో వెళితే, బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఆ మార్గంలోని సొరంగాలు, లోయలు, వంతెనలే యాత్ర అవుతాయి. 2017 నుంచి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది. నడిపే బాధ్యత ఎవరి మీదా పడదు. కాని చలికాలపు ఆదివారాలకు ముందుగా రిజర్వేషను చేయించుకోకపోతే కష్టం, తిరుగు రైలులో ఇల్లు చేరేసరికి రాత్రి అవుతుంది. కారులో అయితే వేళ మన చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది కాని, ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కాక ఆ స్వాతంత్ర్యం ముందున్న బండ్ల వరుస మీద ఆధారపడుతుంది. ఒక డిసెంబరు ఆదివారం మేము కారు మాట్లాడుకుని వెళ్లి, బొర్రా గుహల దగ్గర నిలిపే చోటు కోసమే గంట పోగొట్టుకుని, రాత్రి పదింటికి ఇల్లు చేరాం. అప్పుడు గుర్తుకొచ్చింది, పప్పు నానబెట్టలేదని, యూనిఫాంలు ఉతకలేదని. ఆ వారమంతా పని వెనకబడే నడిచింది. అప్పటి నుంచి అరకును రెండు రోజుల సెలవు ఉన్నప్పుడు, రెండో రోజు ఇంట్లో గడిపే ఒప్పందం మీద మాత్రమే ఒప్పుకుంటున్నాను.

అదే రోజును అనకాపల్లి వైపు తిప్పితే ఖర్చు, అలసట రెండూ తగ్గుతాయి. అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవ అనే సరస్సులో తాటి మొద్దులను తొలిచి చేసిన దోనెల్లో తామరాకుల మధ్య తిప్పుతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పక్షులు ఎక్కువ. శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండ మీద రాతిలో తొలిచిన స్తూపాలు, గుహలు ఉన్నాయి, కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే వస్తాయి. రెండూ కలిపి చూసినా సాయంత్రం టీ వేళకు ఇంట్లో ఉండవచ్చు. అరకుతో పోలిస్తే పేరు లేదు. తీరిక లేని ఇంటికి పేరుతో పని లేదు.

లంబసింగి, వంజంగి మంచు కోసం అర్ధరాత్రి బయలుదేరి తెల్లవారేసరికి చేరడం పిల్లలు లేనివారికి, లేదా వారిని తాతయ్య ఇంట్లో వదలగలిగినవారికి. నిద్ర లేని డ్రైవరుతో ఘాట్ రోడ్డు ఎక్కే సాహసం మాత్రం నేను సూచించను.

తిండి, కాలం, ఇంటి పరిస్థితి

తిండి విషయంలో నా నియమం సగం రోజు ప్రయాణానికి ఇంట్లో పొయ్యి వెలిగించకూడదన్నది. నీళ్ల సీసాలు, అరటిపళ్లు, బిస్కెట్లు చాలు. తిరుగు దారిలో టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటే ఇల్లు చేరాక అన్నం, చారు వండుకుంటే సరిపోతుంది. బయటి తిండి పడని పెద్దవారున్నప్పుడు వారి ఒక్కరి డబ్బా కట్టుకోవచ్చు. కాలం విషయానికొస్తే, ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత వల్ల ఎనిమిది గంటల తరువాత తొట్లకొండ కూడా శిక్షే అవుతుంది కనుక ఆ రెండు నెలలూ తెల్లవారుజాముకే పరిమితం కావాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏమి చేసిందో చూసిన ఊరు మనది, హెచ్చరిక ఉన్న రోజున తీరం వైపు చూడటానికైనా వెళ్లవద్దు.

ఇక ఏ ఇంటికి ఏది అన్నది తేల్చి చెప్పవలసి వస్తే, అయిదేళ్లలోపు బిడ్డ ఉన్న ఇంటికి బీచ్ రోడ్డు తెల్లవారుజాము, ఏడాదికి ఒకటి రెండు సార్లు తాబేళ్ల కోసం. బడి పిల్లలున్న ఇంటికి నెలకొక తొట్లకొండో ఎర్రమట్టి దిబ్బలో, వంతుల వారీగా. పిల్లలు పెద్దవారై ఎవరి గదిలో వారుండే ఇంటికి హార్బరు, కొండకర్ల. మంచం పట్టిన పెద్దవారున్న ఇంట్లో ఒకరు ఎప్పుడూ ఉండక తప్పదు కనుక, వారికి రాస్ హిల్ గంట, కైలాసగిరి మెట్ల గంట వంటివే కుదురుతాయి, అవి కూడా ఇంటి పక్కవారి సాయంతో. మా అత్తయ్యగారు మెట్లెక్కలేని స్థితికి వచ్చాక మేము తొట్లకొండకు స్కూటరు మాని ఆటో మాట్లాడుకుంటున్నాం. ఆవిడ పైన చెట్టు కింద కుర్చీలో కూర్చుని, మేము తొట్ల చుట్టూ తిరిగి వచ్చేవరకు, కింద సముద్రంలో కనిపించే పడవలు లెక్కపెడుతూ ఉంటారు. పోయినసారి ఆవిడ లెక్క పదిహేడు, మా చిన్నదాని లెక్క పంతొమ్మిది.